17 దాటగానే చేయి బిగుసుకుపోతోంది – పాయింటుకీ పాయింటుకీ మధ్య ఏం చేయించాలి?

షటిల్_శిక్షణ
బ్యాడ్మింటన్ సింగిల్స్, 16 ఏళ్ల అమ్మాయి. ప్రాక్టీసులో షార్ట్ సర్వీసు పదింట తొమ్మిది నెట్ పట్టీని రాసుకున్నట్టు దాటుతాయి. మ్యాచ్‌లోనూ, 21 పాయింట్ల గేమ్‌లో తన స్కోరు 14, 15 అయ్యేవరకూ అంతే. 17 దాటిందంటే సర్వీసు ఎత్తుగా లేస్తుంది, లేదంటే నెట్‌కి తగులుతుంది. వెనక నుంచి ఎదుటి కోర్టు చివరికి ఎత్తుగా కొట్టే క్లియర్ సగం కోర్టులోనే పడుతుంది. ఒకటి పోయిందంటే వరసగా నాలుగైదు పోతాయి. అలుపు అనుకుందామంటే, మూడో గేమ్ మొదట్లో కాళ్లు బాగానే ఆడుతున్నాయి. అందరూ "ఏకాగ్రత పెట్టు" అనేవాళ్లే తప్ప ఎలా పెట్టాలో చెప్పేవాళ్లు లేరు. రోజూ ధ్యానం చేయించండి లాంటివి కాకుండా, ర్యాలీ అయ్యాక మళ్లీ సర్వీసు పడేలోపు ఉన్న ఆ కాస్త టైంలో చేయించగలిగినవి చెప్పండి.

నెట్‌కార్డ్
ముందు ఆ "ఏకాగ్రత పెట్టు" అన్న కేక ఆపించండి. దేని మీద పెట్టాలో ఆ మాటలో లేదు. విన్న పిల్ల తీసుకెళ్లి తన చేతి మీదే పెట్టుకుంటుంది. బిగుసుకునేది అక్కడే.

క్రీడామనసు
నెట్‌కార్డ్ గారు చెప్పింది ఒక కారణం. ఇంకోటి కూడా ఉంది, రెండింటికీ మందు వేరు.

మొదటిది: ధ్యాస ఆట మీంచి జారి స్కోరు మీదికో, ఓడితే ఎవరేమంటారో అన్నదాని మీదికో పోవడం. అప్పుడు ఎదుటి అమ్మాయి ఎక్కడ నిలబడిందో కూడా సరిగ్గా కనపడదు. దెబ్బ శుభ్రంగానే పడుతుంది, కానీ కొట్టకూడని చోటికి కొడుతుంది.

రెండోది: ధ్యాస మరీ లోపలికి పోవడం. మణికట్టు ఎంత వంగింది, రాకెట్ ఎక్కడుంది అని చూసుకుంటూ కొట్టడం. వేల సార్లు చేసి ఒంటికి పట్టేసిన కదలికని మళ్లీ ముక్కలుగా విడదీసి నడపబోతే లయ పోతుంది. 2001లో బైలాక్, కార్ అనే పరిశోధకులు గోల్ఫ్ పట్టింగ్ (బంతిని మెల్లగా గుంతలోకి దొర్లించడం) మీద చేసిన ప్రయోగాల్లో బయటపడింది ఇదే. కెమెరా ముందు, తమని ఎవరో గమనిస్తున్నారన్న స్పృహతో సాధన చేసినవాళ్లు తర్వాత ఒత్తిడి పెట్టినా తడబడలేదు. ఈ కెమెరా సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మీరు చెప్పిన లక్షణాలు, అంటే సర్వీసు లేవడం, క్లియర్ తగ్గడం, ఎక్కువగా రెండోదానివి. అయినా ఊహతో వదలకండి. మ్యాచ్ వీడియో పెట్టి, 17 తర్వాత పోయిన ప్రతి పాయింటు దగ్గరా ఆపి "ఇక్కడ బుర్రలో ఏం తిరుగుతోంది?" అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు ఉన్నదున్నట్టు రాసుకోండి. "స్కోరు", "ఓడిపోతానేమో", "అమ్మ చూస్తోంది" లాంటివి ఒక పక్క, "చేయి", "పట్టు", "నెట్‌కి తగలకూడదు" లాంటివి ఇంకో పక్క. ఏ పక్క బరువుంటే మందు ఆ పక్కది. "అక్కడ ఏం కొట్టాల్సింది?" అని మాత్రం అప్పుడే, అదే కూర్చున్నప్పుడు అడగొద్దు. అడిగితే మీకు నచ్చే జవాబులు చెప్పడం మొదలెడుతుంది.

పరుగు_పట్టా
ఇంత శాస్త్రం అక్కర్లేదనిపిస్తోంది. మ్యాచ్‌లు ఎక్కువ ఆడించండి, భయం అదే పోతుంది. పోటీ అనుభవానికి మించిన మందు లేదు.

క్రీడామనసు
పరుగు_పట్టా గారూ, అక్కడ మాత్రం ఒప్పుకోను. ఏమీ మార్చకుండా మ్యాచ్‌ల సంఖ్య పెంచితే 17 దగ్గర బిగుసుకోవడం కూడా సాధన అయిపోతుంది. అనుభవం పనిచేసేది చేతిలో ఒక పద్ధతి ఉన్నప్పుడే.

రైఫిల్_10మీ
షూటింగ్ వైపు నుంచి చెప్తాను. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో 10 పాయింట్లు ఇచ్చే చోటు అర మిల్లీమీటరు చుక్క. క్వాలిఫికేషన్‌లో 60 షాట్లు, 75 నిమిషాలు. ఆ 75 నిమిషాలూ ధ్యాస బిగబట్టి ఉంచడం ఎవరికీ సాధ్యం కాదు. ఉంచాలని చూసేవాళ్లే 40వ షాట్ దగ్గర చెదిరిపోతారు. చేసేది ఏంటంటే, ఒక్కో షాట్‌కి ధ్యాస తెరిచి, షాట్ అయ్యాక మూసేయడం. తెరిచేది ఎప్పుడు, మూసేది ఎప్పుడు అన్నదానికి శరీరంతో చేసే గుర్తులు ఉంటాయి. చెంప రైఫిల్‌కి ఆనించడం తెరవడం. రైఫిల్ దించి స్టాండ్ మీద పెట్టడం మూయడం. మధ్యలో ఫాలో త్రూ (షాట్ వదిలాక కాసేపు కదలకుండా ఉండటం) అయిపోయి తెర మీద స్కోరు చూశాక నేల వైపో, తూటా పెట్టె వైపో చూపు పోతుంది, పక్క లేన్ తెర వైపు పోదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. గురి పెట్టాక ఎనిమిది, పది సెకన్లలో షాట్ రాకపోతే దించేస్తాం. ఆ తర్వాత కళ్లు అలసిపోతాయి, చేయి వణుకు పెరుగుతుంది, "ఇప్పుడు వదిలేద్దాం" అన్న తొందర వస్తుంది. దించడం కూడా నేర్పాల్సిన విద్యే. మీ అమ్మాయికి కూడా సర్వీసు పొజిషన్‌లో నిలబడ్డాక బుర్రలో "నెట్" అన్న మాట మెదిలితే, రాకెట్ కదలక ముందే ఒక అడుగు వెనక్కేసి మళ్లీ మొదటి నుంచి రావడం నేర్పండి.

ఇలా ప్రతిసారీ ఒకే వరసలో చేసే పనుల్లో, అంటే రొటీన్‌లో, మెట్టు ఒకటి జారితే ఏమవుతుందో 2004 ఏథెన్స్‌లో అందరూ చూశారు. 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో (మూడు భంగిమల్లో కాల్చే పోటీ) మాథ్యూ ఎమన్స్ ఆఖరి షాట్‌కి ముందు బంగారం దాదాపు చేతిలో ఉంది. మామూలుగా ముందు లక్ష్యం పైన ఉన్న నంబరు చూసి, తర్వాత కిందకి దించి గురి చూసేవాడు. ఆ షాట్‌కి ముందు తనని తాను నిమ్మళపరుచుకోవడంలో పడి నంబరు చూడలేదు. గుండు పక్క లేన్ లక్ష్యానికి తగిలింది, ఆ షాట్‌కి సున్నా. షాట్ బాగానే కొట్టాడు, చూడాల్సింది చూడలేదు. అందుకే రొటీన్‌లో "ప్రశాంతంగా ఉండు" అనే మెట్టు పెట్టకూడదంటాను. కంటితో, చేత్తో, కాలితో చేసే పనులే పెట్టాలి.

అంపైర్_కుర్చీ
రైఫిల్ గారి అడుగు వెనక్కి వేయడం బాగుంది కానీ బ్యాడ్మింటన్‌లో టైం అంత ఉండదు. టెన్నిస్‌లో పాయింటుకీ పాయింటుకీ 25 సెకన్లని లెక్క ఉంది. బ్యాడ్మింటన్‌లో అయితే ఆట ఆగకుండా సాగాలన్నది నియమం. చెమట తుడుచుకోవడానికి, షటిల్ మార్చడానికి అంపైర్‌ని అడగాలి. కావాలని ఆలస్యం చేస్తున్నట్టు కనబడితే పసుపు కార్డుతో హెచ్చరిక, ఆపైన ఎరుపు. ఎరుపు అంటే పాయింటు ఎదుటివాళ్లకే. ఇద్దరూ సిద్ధంగా నిలబడ్డాక సర్వర్ రాకెట్‌ని వెనక్కి తీసి ఆపి కూర్చోకూడదు, అది ఫాల్ట్.

కాబట్టి రొటీన్ మొత్తం 8 నుంచి 10 సెకన్లలో ముగిసేలా కట్టండి. అడుగు వెనక్కి వేయడం మ్యాచ్‌లో ఒకటి రెండు సార్లయితే ఎవరూ ఏమీ అనరు, ప్రతి సర్వీసుకీ అంటే అంపైర్ నుంచి పిలుపు వస్తుంది. పొడుగ్గా ఊపిరి తీసుకునే పనులు స్కోరు 11 దగ్గర వచ్చే 60 సెకన్ల విరామానికి, గేముల మధ్య 120 సెకన్లకి దాచుకోండి.

రిసీవ్ చేసేటప్పుడు కూడా తనకి హక్కుంది. సిద్ధంగా లేకపోతే చేయి ఎత్తి, చూపు కిందకి దించితే చాలు. కానీ షటిల్‌ని కొట్టబోయిందంటే సిద్ధంగా ఉన్నట్టే లెక్క, తర్వాత వాదించి లాభం లేదు.

షటిల్_శిక్షణ
ఇది చాలా పనికొచ్చింది. 10 సెకన్లలో ఏమేం పెట్టాలి? ఊపిరి ఎన్నిసార్లు?

బ్యాక్‌హ్యాండ్_లైన్
టెన్నిస్‌లో క్రీడా మనస్తత్వవేత్త జిమ్ లోర్ చెప్పిన 16 సెకన్ల పద్ధతిని కుదించి వాడొచ్చు. అందులో నాలుగు దశలు: పాయింటు అయిన వెంటనే శరీరం ఎలా ఉండాలి, తర్వాత సడలింపు, తర్వాత ఏం ఆడాలో అనుకోవడం, చివర సర్వీసు ముందు చేసే అలవాటు పనులు. బ్యాడ్మింటన్‌కి ఇలా వస్తుంది.

షటిల్ నేల మీద పడగానే రాకెట్‌ని ఎడమ చేతికి మార్చి, నెట్‌కి వీపు తిప్పి రెండు మూడు అడుగులు వెనక్కి. ఆడే చేతికి విశ్రాంతి, కంటికి ఎదుటి అమ్మాయి సంబరం కనపడదు. ఇది 3 సెకన్లు. తిరిగేటప్పుడు తీగలు సర్దుతూ ఒక ఊపిరి, వదిలేది తీసుకున్నదానికంటే పొడుగ్గా. ఇంకో 3 సెకన్లు. తర్వాత ఒకే ఒక నిర్ణయం: ఎక్కడికి సర్వీసు, దాని వెనక మొదటి షాట్ ఎక్కడికి. అది కూడా "టీ దగ్గరికి, తర్వాత బ్యాక్‌హ్యాండ్ మూలకి" అన్నంత పొట్టిగా (టీ అంటే షార్ట్ సర్వీసు గీతా, నడిమి గీతా కలిసే చోటు). చివర కాళ్లు పెట్టుకోవడం, నెట్ పట్టీ మీద ఒక చోటు చూడటం, సర్వీసు.

గొడవంతా మూడో దశలో వస్తుంది. ఒత్తిడిలో ఉన్న పిల్ల మొదటి రెండూ ఎగ్గొట్టి నేరుగా సర్వీసుకి వచ్చేస్తుంది, లేదా నిర్ణయం మార్చుకుంటూ నిలబడుతుంది. స్టాప్‌వాచ్ పట్టుకుని 15 లోపు పాయింట్లలో ఎంత టైం తీసుకుంటోందో, 17 తర్వాత ఎంత తీసుకుంటోందో వీడియోలో కొలవండి. తేడా కనపడితే సగం రోగం దొరికినట్టే.

గోల్‌పోస్ట్_వెనక
ఆ తొందర సంగతి ఫుట్‌బాల్ పెనాల్టీల్లో బాగా పరిశీలించారు. గెయిర్ యోర్డెట్ అనే నార్వే పరిశోధకుడు షూటౌట్ల వీడియోలు చూసి తేల్చినది: రిఫరీ విజిల్ వేసిన మరుక్షణం పరుగెత్తేవాళ్లు, గోల్‌కీపర్ వైపు చూడకుండా ముఖం తిప్పుకునేవాళ్లు ఎక్కువగా తప్పుతారు. ఆ బాధ నుంచి ఎలాగోలా బయటపడాలన్న తొందర అది. కాబట్టి బ్యాక్‌హ్యాండ్ గారి స్టాప్‌వాచ్ మాట తప్పకుండా వినండి.

పరుగు_పట్టా
ఊపిరి విషయంలో ఒక అభ్యంతరం. 40 షాట్ల ర్యాలీ అయ్యాక గుండె నిమిషానికి 180 కొట్టుకుంటున్నప్పుడు "నెమ్మదిగా, పొడుగ్గా వదులు" అంటే ఊపిరాడదు. పరుగువాళ్లకి ఇది బాగా తెలుసు. శరీరంలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉన్నప్పుడు ఊపిరి బిగబడితే కంగారు ఇంకా పెరుగుతుంది.

ఫిజియో_కోర్టుసైడ్
పరుగు_పట్టా గారు చెప్పింది నిజం. అలాంటి ర్యాలీ తర్వాత ముందు రెండు సార్లు నోటితో గట్టిగా ఊదేయమనండి, భుజాలు కిందకి జారేలా. ఆ తర్వాత ఒక్కటి నెమ్మదిగా. చిన్న ర్యాలీ అయితే నేరుగా ఒక నెమ్మది ఊపిరి చాలు. 4 సెకన్లు తీసుకుని 6 సెకన్లు వదిలే లయ, అంటే నిమిషానికి ఆరు ఊపిర్లు, గేముల మధ్య విరామంలో కూర్చున్నప్పుడు. రోజూ ఇంటి దగ్గర ఐదు నిమిషాలు అది చేసి ఉంటేనే మ్యాచ్‌లో పట్టు దొరుకుతుంది. కొత్తగా అక్కడే మొదలెడితే లెక్కపెట్టుకోవడమే ఇంకో గోల అవుతుంది.

అలుపు కాదని అన్నారు కానీ ఇంకో విషయం కొట్టేయకండి. కాళ్లు ఆడుతున్నా నీరు తగ్గితే ధ్యాస ముందు చెడుతుంది. మ్యాచ్‌కి ముందూ తర్వాతా తూకం చూడండి. శరీర బరువులో 2 శాతం కంటే ఎక్కువ తగ్గిందంటే తాగేది చాలడం లేదు. 50 కిలోల అమ్మాయికి అది ఒక కిలో. గంట దాటే మ్యాచ్‌లకి, లేదా ఒకే రోజు రెండు మూడు మ్యాచ్‌లుంటే, గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ కొంచెం కొంచెంగా అందాలి, ఉప్పు కలిసిన పానీయం మంచిది. 16 ఏళ్ల పిల్లకి కెఫీన్ గోలీలు, ఎనర్జీ డ్రింకులు వద్దు. అసలే చేయి వణికే మనిషికి వణుకు పెంచుతాయి.

గ్యాలరీ_నాన్న
మా అబ్బాయి కోచ్ ఎప్పుడూ "నెట్‌కి కొట్టకు, బయటికి కొట్టకు" అంటుంటారు. అది తప్పా? తప్పు జరగకుండా హెచ్చరించడమే కదా?

క్రీడామనసు
తప్పే. "తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించకండి" అని చెప్పి వెగ్నర్ అనే మనస్తత్వవేత్త 1987లో చేసిన ప్రయోగం ఉంది. వద్దన్నదే పదేపదే గుర్తొచ్చింది. "నెట్‌కి కొట్టకు" అన్నప్పుడు బుర్ర ముందు నెట్‌కి తగిలే సర్వీసునే ఊహించాలి, ఆ తర్వాతే వద్దనుకోవాలి. ఒత్తిడిలో ఆ రెండో పని చేసే ఓపిక ఉండదు, ఊహించిన మొదటిదే మిగులుతుంది. అదే మాట "పట్టీ పైన, గీత మీద" అనండి. ఏం కావాలో చెప్పే మాట, కోర్టులో కంటికి కనపడే చోటు.

గాబ్రియేల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలు ఏళ్ల తరబడి చేసిన పని కూడా ఇటే చూపిస్తుంది. శరీరభాగం మీద ధ్యాస పెట్టేదానికంటే కదలిక ఫలితం మీద పెడితే ఆట మెరుగ్గా ఉంటుంది. "మణికట్టు గట్టిగా" కంటే "షటిల్ పట్టీ మీంచి జారాలి" మేలు. శిక్షణలో టెక్నిక్ సరిచేసేటప్పుడు మణికట్టు మాట రావచ్చు. మ్యాచ్‌లో రాకూడదు.

బాణం_70
విలువిద్యలో కూడా అంతే. రికర్వ్ (కొసలు ముందుకి వంగిన విల్లు) వ్యక్తిగత పోటీలో ఒక్కొక్కరు వంతుల ప్రకారం ఒక్కో బాణం వేస్తారు, బాణానికి 20 సెకన్లు. 70 మీటర్ల దూరం, 122 సెంటీమీటర్ల లక్ష్యంలో 10 వలయం 12.2 సెంటీమీటర్లు. ఎదుటివాళ్లు 10 కొట్టాక మన 20 సెకన్ల గడియారం మొదలవుతుంది. ఆ 10 చూడకుండా ఉండలేం. అందుకే చూశాక ఏం చేయాలో ముందే రాసుకుంటారు: "వాళ్లు 10 కొడితే, నేను ముందు కాళ్ల కింద నేల ఎలా ఉందో చూసుకుంటాను, తర్వాతే బాణం తగిలిస్తాను." ఎలా జరిగితే ఏం చేయాలో ముందే కట్టుకున్న మాట అది. ఇలాంటివి నాలుగైదు కంటే ఎక్కువ వద్దు, గుర్తుండవు.

షటిల్ అమ్మాయికి: "వరసగా రెండు పాయింట్లు పోతే చెమట తుడుచుకోడానికి అడుగుతాను." "లైన్ కాల్ నాకు వ్యతిరేకంగా వస్తే తీగలు సర్దుతాను, ఒక్క మాట మాట్లాడను." "17 వస్తే రొటీన్ పూర్తి చేశాకే సర్వీసు వేస్తాను." చివరిది చాలా ముఖ్యం. ఆ అంకెని భయపెట్టేది కాకుండా పని మొదలెట్టే గంటగా మారుస్తుంది.

దూరపు_ఈత
బాణం గారు చెప్పినదానికి పెద్ద ఉదాహరణ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ 200 మీటర్ల బటర్‌ఫ్లై. కళ్లద్దాల్లోకి నీళ్లు వచ్చి చివరికి ఏమీ కనపడలేదు. స్ట్రోకులు లెక్కపెట్టుకుంటూ ఈది గోడ తాకాడు, 1:52.03, ప్రపంచ రికార్డు. కొలను ఒక్కో పొడవుకి ఎన్ని స్ట్రోకులో ముందే తెలుసు కాబట్టే అది పనిచేసింది. అప్పటికప్పుడు ధైర్యం తెచ్చుకుంటే వచ్చేది కాదు.

నెట్‌కార్డ్
అయితే "నేను గెలుస్తాను, నేను గెలుస్తాను" అనుకోవడం వల్ల ఏమీ లేదంటారా? చాలామంది అదే చేయిస్తారు.

బ్యాక్‌హ్యాండ్_లైన్
దమ్ము కావాల్సినచోట పనికొస్తుంది. పరుగు, బరువులు, మూడో గేమ్ చివర కాళ్లు మొండికేసినప్పుడు "లాగు, ఇంకా లాగు" అనుకుంటే బలం వస్తుంది. సర్వీసు లాంటి సున్నితమైన పనికి మాత్రం పని చెప్పే పొట్టి మాట మేలు: "పట్టీ", "మెత్తగా", "ముందుకి". మాట ఆమే ఎంచుకోవాలి, మీరు ఇవ్వకండి. రెండు అక్షరాలో మూడో, ఊపిరి వదిలేటప్పుడు పలకగలిగేలా.

"గెలుస్తాను" అన్న మాటతో ఉన్న చిక్కు ఏంటంటే అది ధ్యాసని స్కోరు మీదికే లాక్కెళ్తుంది. 1993 వింబుల్డన్ మహిళల ఫైనల్లో గ్రాఫ్ మీద నొవొత్నా మూడో సెట్‌లో 4-1, తన సర్వీసులో 40-30. ఒక్క పాయింటు వస్తే 5-1. అక్కడ డబుల్ ఫాల్ట్ (రెండు సర్వీసులూ తప్పడం), ఆ తర్వాత ఒక్క గేమూ రాలేదు, గ్రాఫ్ 6-4తో సెట్టూ టైటిలూ తీసుకెళ్లింది. బుర్రలో ఏముందో మనం చెప్పలేం. కానీ గెలుపు దగ్గరికొచ్చినప్పుడు కూడా చేయి బిగుసుకుంటుందని గుర్తుంచుకోండి. 20-17తో ముందున్నప్పుడు కూడా అదే రొటీన్, అదే వేగం.

గ్యాలరీ_నాన్న
మరి కంగారుగా ఉన్నప్పుడు "కంగారేం లేదు, ప్రశాంతంగా ఉన్నాను" అనుకోవడం?

క్రీడామనసు
గుండె దడదడలాడుతుంటే లేదనుకోవడం కష్టం, శరీరమే అబద్ధమని చెప్తుంది. అలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు 2014లో చూపించింది వేరే దారి. "ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్లకంటే "ఉత్సాహంగా ఉన్నాను" అనుకున్నవాళ్లు పాట పాడటంలో, ఉపన్యాసంలో, లెక్కల్లో బాగా చేశారు. దడకి పేరు మార్చడమే, ఆపడం కాదు. మ్యాచ్‌కి ముందు "ఒళ్లు రెడీ అవుతోంది" అనమనండి.

రైఫిల్_10మీ
దీంట్లో ఆటని బట్టి తేడా ఉంది. మాకు గుండె వేగం తగ్గాలి, మీకు అంత తగ్గితే మొదటి అడుగు బద్ధకిస్తుంది. ప్రతి మనిషికీ తన స్థాయి ఉంటుంది. బాగా ఆడిన మ్యాచ్‌లకి ముందు ఒళ్లు ఎలా ఉందో 1 (మందకొడి) నుంచి 10 (బాగా దడ) అంకెల్లో రాయించండి. కొంతకాలానికి ఆమె అంకె బయటపడుతుంది. ఆమెది 7 అయితే, 9లో ఉన్నప్పుడు ఊపిరితో దించాలి, 4లో ఉన్నప్పుడు గెంతులతో, ఊదుడుతో పైకి తేవాలి. అందరికీ ఒకే "రిలాక్స్ అవ్వు" పనికిరాదు.

టీటీ_బ్లేడ్
చూపు గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. జోన్ విక్కర్స్ అనే పరిశోధకురాలు బాస్కెట్‌బాల్ ఫ్రీ త్రోల (ఎవరూ అడ్డురాకుండా వేసే బంతుల) మీద 1996లో మొదలెట్టిన పని ఇది. నిపుణులు కదలిక మొదలవడానికి ముందు ఒక్క చోట చూపు నిలిపి ఉంచుతారు, అది కొత్తవాళ్లకంటే ఎక్కువసేపు నిలుస్తుంది. ఒత్తిడిలో ముందు చెడేది ఇదే: చూపు షటిల్‌కీ, ఎదుటి మనిషికీ, నెట్‌కీ మధ్య గెంతుతుంది.

సర్వీసుకి ఇలా చేయించండి. ముందు ఎదుటి అమ్మాయి కాళ్లు ఎక్కడున్నాయో ఒక్క చూపు. తర్వాత షటిల్ దాటాల్సిన పట్టీ మీది చోటు, దాన్ని "ఒకటి, రెండు" అని లెక్కపెట్టేంతసేపు వదలకుండా. ఆ చూపు మీదే సర్వీసు. మొదట్లో పట్టీ మీద రంగు టేపు ముక్క అంటించండి, రెండు వారాల్లో తీసేయండి. పాయింట్ల మధ్య చూపుకి రెండే ఇళ్లు: తీగలు, నేల. గ్యాలరీ వైపు, స్కోరు బోర్డు వైపు వద్దు. అంపైర్ స్కోరు చెప్తారు కదా, చెవికి చాలు.

గ్యాలరీ_నాన్న
అంటే మేము చూడటానికి రాకూడదా?

టీటీ_బ్లేడ్
రండి, తప్పకుండా రండి. పాయింటు పోయినప్పుడు తల పట్టుకోకండి, వచ్చినప్పుడు ఎలా కూర్చున్నారో అలాగే ఉండండి. పిల్లలు మీ ముఖంలో స్కోరు చదువుతారు.

అంపైర్_కుర్చీ
కోచ్‌లకి కూడా ఒక మాట. షటిల్ ఆటలో ఉన్నప్పుడు సలహా ఇవ్వడం నియమాలకి విరుద్ధం. 11 దగ్గర 60 సెకన్లలో మొదటి 20 సెకన్లు నీళ్లకీ ఊపిరికీ వదిలేసి, తర్వాత ఒక్క విషయం చెప్పండి, రెండోది వద్దు. అరవై సెకన్లూ మాట్లాడే కోచ్ దగ్గర్నుంచి తిరిగొచ్చే పిల్లలు మొదటి సర్వీసు తప్పడం తరచూ కనబడుతుంది.

దూరపు_ఈత
ఎడమ చేయి పిసకడం గురించి విన్నాను, నిజంగా పనిచేస్తుందా?

ఫిజియో_కోర్టుసైడ్
జర్మనీలో బెక్‌మన్ బృందం 2013లో ప్రచురించింది. ఫుట్‌బాల్ పెనాల్టీలు, తైక్వాండో తన్నులు, బ్యాడ్మింటన్ సర్వీసులు, ఈ మూడింటి మీదా. కుడిచేతి వాటం ఉన్నవాళ్లు ముందు ఎడమ పిడికిలి పిసికితే ఒత్తిడిలో పడిపోవడం తగ్గింది. కుడి పిడికిలి పిసికినవాళ్లకి ఆ లాభం రాలేదు. బాగా అలవాటైన కదలికలకే ఇది. నేర్చుకుంటున్న షాట్‌కి కాదు. బ్యాక్‌హ్యాండ్ గారు చెప్పిన మొదటి దశలో రాకెట్ ఎలాగూ ఎడమ చేతిలో ఉంటుంది, హ్యాండిల్‌ని రెండు మూడు సార్లు గట్టిగా పట్టి వదిలితే సరి. అదనపు టైం పట్టదు. దీన్నే నమ్ముకోవద్దు, రొటీన్‌లో చిన్న భాగంగా ఉంచండి.

షటిల్_శిక్షణ
వీడియో ముందుపెట్టి అడిగాను. 17 తర్వాత జవాబుల్లో ఎక్కువ "నెట్‌కి తగలకూడదు", "చేయి". రొటీన్ టైం కూడా కొలిచాను, మొదట్లో 9 సెకన్ల దాకా తీసుకునేది 17 తర్వాత 5లోనే వేసేస్తోంది. మీరందరూ చెప్పినట్టే ఉంది. ఇప్పుడు ప్రాక్టీసులో దీన్ని ఎలా పెట్టాలి? మామూలుగా 50 సర్వీసులు వరసగా వేయిస్తాను.

క్రీడామనసు
వరసగా 50 వేయడంలో ఒత్తిడే లేదు. మొదటిది తప్పినా రెండోది ఉంటుంది. మ్యాచ్‌లో ప్రతిదీ మొదటిదే. ఇలా మార్చి చూడండి.

నెట్ పట్టీ పైన 20 సెంటీమీటర్ల ఎత్తులో ఒక దారం కట్టండి. ఎదుటి కోర్టులో షార్ట్ సర్వీసు గీత వెనక, టీ పక్కన అడుగు చదరం టేపుతో గీయండి. 40 సెకన్లు ఖాళీ రాకెట్‌తో కోర్టు నాలుగు మూలలకీ పరుగు, ఆగగానే పూర్తి రొటీన్, ఒకే ఒక్క సర్వీసు. దారం కింద నుంచి వెళ్లి చదరంలో పడితే ఒకటి. పది సార్లు, అంతే. ఎన్ని వచ్చాయో గోడ మీద రాయండి.

వారంలో రెండు రోజులు గేములు 17-17 నుంచి మొదలెట్టించండి, మరో రోజు 16-19 నుంచి. ఒక రోజు కెమెరా పెట్టి, రికార్డయింది తర్వాత అందరూ కలిసి చూస్తారని ముందే చెప్పండి. ఓడినవాళ్లకి శిక్షగా పరుగు పెట్టకండి, ఓటమికి భయం జోడిస్తే మీరు విడదీయాలనుకున్నదే అతుక్కుంటుంది. గెలిచినవాళ్లు తర్వాతి డ్రిల్ ఎంచుకోవచ్చు అనండి, అది చాలు.

పరుగు_పట్టా
ఇది బాగుంది. నేను అడిగిన "ఎక్కువ మ్యాచ్‌లు" అన్నదానికి ఇదే సరైన రూపం అనిపిస్తోంది. ఒక ప్రశ్న, రొటీన్ పూర్తి చేసి కూడా సర్వీసు తప్పితే?

రైఫిల్_10మీ
రొటీన్‌కి వేరే లెక్క, ఫలితానికి వేరే లెక్క. చీటీలో రెండు గడులు: "మెట్లన్నీ చేశానా" అవును/కాదు, "పడిందా" అవును/కాదు. మొదటి గడిలో అవును, రెండో గడిలో కాదు వస్తే ఏమీ మార్చొద్దు. మొదటి గడిలో కాదు వచ్చి సర్వీసు పడినా సరే, అది గుర్తుపెట్టుకోవాల్సిన పాయింటు. మొదటి నెలలో మీరు చూడాల్సింది మొదటి గడి మాత్రమే.

బాణం_70
రొటీన్‌కీ మూఢనమ్మకానికీ తేడా కూడా చెప్పండి ఆమెకి. ఒకే సాక్సు, ఒకే కుర్చీ, గీత తొక్కకూడదు లాంటివి చేరుతూ పోతాయి. చేతిలో లేని వస్తువు మీద ఆధారపడే మెట్టు ఏదైనా తీసేయండి. టవల్ పోయినా, షటిల్ వేరే కంపెనీదైనా, కోర్టు మారినా చేయగలిగినవే ఉండాలి.

షటిల్_శిక్షణ
ఒకే రోజు మూడు మ్యాచ్‌లు ఉంటే మధ్యలో?

ఫిజియో_కోర్టుసైడ్
మ్యాచ్ అయ్యాక మొదటి పది నిమిషాలు నడక, నీళ్లు, తినడం. తర్వాత ఆట గురించి ఒక్క సంగతి మాట్లాడండి, ఐదు నిమిషాలు మించకుండా. ఆ తర్వాత హాల్ బయటికి పంపేయండి, వేరేవాళ్ల మ్యాచ్‌లు చూస్తూ కూర్చోనివ్వకండి. చూసినంతసేపూ లోపల తనూ ఆడుతూనే ఉంటుంది, మూడో మ్యాచ్‌కి బుర్రలో ఏమీ మిగలదు. ఫోన్లో స్కోర్లు, డ్రా (ఎవరితో ఎవరు ఆడాలో చూపే పట్టిక) చూడటం కూడా అంతే. తర్వాతి మ్యాచ్‌కి 40 నిమిషాల ముందు వార్మప్ మొదలెట్టి, చివరి ఐదు నిమిషాల్లో రొటీన్‌తో పది సర్వీసులు వేయించండి.